గాలి సోకని గాయం

ఆ రోజు పొద్దున సజ్జ కూడు ముద్ద చేసి నోటిదాకా తీసుకెళ్ళాను. నోరు తెరుచుకోలేదు.

మా ఊళ్ళో నా నోటి సంగతి తెలియనివాళ్ళు లేరు. తమిళనాట కోవిల్‌పట్టికి బండి దారిలో ఉన్న నల్లరేగడి పల్లె మాది, తెలుగు మాట్లాడేవాళ్ళం. నేను ఆ చివర పత్తి తీస్తూ మాట్లాడితే ఈ చివర గట్టుమీద ఉన్నవాళ్ళు జవాబు చెబుతారని మా ఆయన ఎగతాళి చేసేవాడు. మా అత్త వెంకటమ్మ పొద్దున లేస్తూనే సూర్యుడికి ఒక దండం పెట్టుకుని, ఆ వెంటనే నావైపు తిరిగి, “నోరు మూసుకోవే రంగా” అనేది. నేనేమీ అనకముందే అనేది. ఆమె నోరు మాత్రం తక్కువదా? మా ఇద్దరి గొంతులకు పక్కింటి కోళ్ళు వేళ కాకుండానే లేచి కూసేవి. అలాంటి దాన్ని, పెదవులు విడుతున్నాయి గానీ దవడ విడవడం లేదు. పళ్ళ మధ్య వేలు దూరేంత సందు కూడా లేదు. రాత్రి మెడ పట్టేసి ఉంటుందిలే అనుకుని, ఉన్న సన్నటి సందులోంచే కాస్త మజ్జిగ పోసుకుని పనిలో పడ్డాను.

పొద్దెక్కేసరికి మెడ కొయ్యబారింది. పాల దుత్తకు మూత పెట్టలేదని అత్త వాకిట్లోంచి మొదలుపెట్టింది. జవాబు చెప్పడానికి ఆమెవైపు తిరిగాను. ఆమె నా మొహం చూసి ఆగింది, ఆ తర్వాత ఇంకా మండిపడింది.

“ఏమే, నేను అరస్తా ఉంటే నన్ను చూసి నగుతుండావా? అంత కొవ్వా నీకు?”

నేను నవ్వడం లేదు. పెదవుల మూలలు వాటంతట అవే వెనక్కి లాక్కుపోయాయి, పళ్ళు బయటపడ్డాయి, కనుబొమలు పైకి లేచి నిలబడిపోయాయి. ఇది నవ్వు కాదత్తా అని చెప్పడానికి మాట రావడం లేదు. ఆమె చెయ్యి ఎత్తింది. అప్పుడే నా కళ్ళలోంచి నీళ్ళు ఆ నవ్వు మీదుగా జారడం చూసింది. ఎత్తిన చెయ్యి అలాగే నా తలమీద పెట్టి, “అయ్యో బిడ్డా, ఏమాయ నీకు?” అంది. అది నేనింకా మరిచిపోలేదు.

దీనికి మూలం చెప్పాలి. మాది వానను నమ్ముకున్న మెట్ట. పత్తి కట్టె పీకేశాక, గొర్రెలవాళ్ళను పిలిచి పొలంలో మంద కట్టించుకుంటాం. గొర్రెలు పడుకున్న చోట ఎరువు పడుతుంది, చేను బలుస్తుంది. మంద చుట్టూ తుమ్మకంప కంచె వేస్తారు. ఒక పొద్దున గొర్రెలవాళ్ళకు గంజి తీసుకెళ్ళి ఆ కంచె దగ్గర అడుగు వేశాను. తుమ్మముల్లు అరికాల్లోకి నిలువునా దిగింది.

ముల్లు తీయడంలో మా అత్తది పేరున్న చెయ్యి. పక్క పల్లెలనుంచి కూడా కుంటుకుంటూ ఆమె దగ్గరకే వస్తారు. సూదితో పొడిచి ముల్లు లాగింది, కాచిన ఆముదం చుక్కలు వేసింది. సున్నం, బెల్లం కలిపి మెదిపి, దానిలో మా చేని పత్తి పింజ ఒకటి కలిపి ఆ బెజ్జాన్ని మూసింది. ఆ పట్టు ఆరితే రాయే.

“గట్టిగా మూసినాను. గాయంలో గాలి దూరితేనే జన్ని వచ్చేది. ఇంగ బయం లేదు, పో” అంది.

మావైపు పుట్టిన ఏ బిడ్డనడిగినా ఇదే చెబుతుంది. బాలింతకు గాలి తగలకూడదు, గాయానికి గాలి తగలకూడదు. తగిలితే మనిషి విల్లులా వంగి, పళ్ళు కరుచుకుని పోతాడు. జన్ని అంటే అదే. కొన్నాళ్ళకు పట్టు ఊడిపోయింది, కింద చర్మం నున్నగా కూడుకుని ఉంది. ముల్లు సంగతే మరిచిపోయాను. దవడ బిగిసిన రోజు కూడా అది గుర్తుకు రాలేదు.

వెనకింటి పెద్దాయన వచ్చి చూసి, మెడమీద వాత పెట్టమన్నాడు. మా ఆయన ఒప్పుకోక బండి కట్టాడు. కోవిల్‌పట్టి ఆస్పత్రి డాక్టరు ముసలాయన. నా దవడ కండలు నొక్కాడు, పొట్టమీద చెయ్యి వేసి చూశాడు. అది పలకలా ఉంది. ఎక్కడైనా గాయమైందా అని తమిళంలో అడిగాడు.

“గాయమేమీ లేదు సామీ. ముల్లొకటి దిగింది, అదెప్పుడో మానిపొయ్యె” అంది అత్త.

“అదేనమ్మా” అన్నాడు ఆయన. “టెటనస్. లాక్‌జా అని కూడా అంటారు. దీనికి సీరం కావాలి, నా దగ్గర లేదు. విరుదునగర్ ఆస్పత్రిలో డాక్టరమ్మ దగ్గర ఉంటుంది. ఈ మధ్యాహ్నం రైలుకే తీసుకెళ్ళండి. చప్పుడు, కుదుపు, వెలుతురు ఏదీ తగలనివ్వకండి. తగిలితే స్పాజమ్ వస్తుంది.”

స్పాజమ్ అంటే ఏమిటో స్టేషను దారిలోనే తెలిసింది. బండి చక్రం గుంటలో పడింది. వీపు కండలన్నీ ఒక్కసారి ముడి పడ్డాయి. మడమలు, తల తప్ప మిగతా ఒళ్ళంతా పైకి లేచింది. ఊపిరి ఆగింది. ఈ జబ్బులో తెలివి తప్పదు. ఏం జరుగుతున్నదో అంతా తెలుస్తూనే ఉంటుంది, ఒక్క కేక కూడా వేయలేం. అది వదిలాక మా ఆయన బండి ఆపి, ఎడ్ల మెడ గంటలు విప్పేశాడు. దారిలో ఉన్న పత్తి మండీకి పరుగెత్తి పింజపత్తి మోపులు తెచ్చి నా కిందా పక్కలా కూరాడు. అత్త పింజ తీసి నా చెవుల్లో పెట్టి, కళ్ళమీద తన కొంగు కప్పింది. పత్తి పండించేవాళ్ళం కాబట్టి అంత పత్తి దొరికింది అనుకుంటాను ఇప్పటికీ.

రైలు పెట్టెలో విరుదునగర్ సంతకు పోయే మిరపకాయల వ్యాపారి ఒకాయన మూటలతో కూర్చుని ఉన్నాడు. ఆ ఘాటుకు తుమ్ము వస్తే నా పని ఏమవుతుందో తలుచుకుని మా ఆయన బెదిరిపోయాడు. ఎలా చెప్పాలో తెలియక చేతులు జోడించాడు. ఆ వ్యాపారి నన్ను ఒక్క చూపు చూసి, నోరెత్తకుండా మూటలన్నీ మోసి పక్క పెట్టెలోకి మార్చుకున్నాడు. వెళ్తూ వెళ్తూ అందరివైపు చూసి వేలు పెదవులమీద పెట్టి చూపించాడు. అంతమంది ఉన్న పెట్టె, విరుదునగర్ దాకా ఒక్కరూ దగ్గలేదు. ఇంజను కూతను మాత్రం ఎవరు ఆపగలరు? కూసిన ప్రతిసారీ నేను విల్లయ్యాను.

డాక్టరమ్మ తిరునెల్వేలివైపు మనిషి. సన్నగా ఉంటుంది, గొంతు ఇంకా సన్నం. ఆమె మాట్లాడింది తమిళమే, నేను తెలుగులో చెబుతున్నాను. చూస్తూనే పక్కనున్న నర్సుతో సీరం తెమ్మంది.

“ఈ మందు గుర్రం ఇచ్చింది” అని మా వాళ్ళకు చెప్పింది. “గుర్రానికి ఈ విషాన్ని కొంచెం కొంచెంగా అలవాటు చేస్తే, దాని రక్తంలో విషానికి విరుగుడు పుడుతుంది. ఆ రక్తంలోని తేట ఇది. ఒంట్లో తిరిగే విషాన్ని ఇది పట్టుకుంటుంది. నరాల్లో ఇప్పటికే దిగిన విషాన్ని మాత్రం లాగలేదు. అందుకని విషం పుట్టడాన్నే ఆపేయాలి. కాలు చూపించండి.”

మానిన చోటు చూసింది. వేలితో నొక్కగానే నేను బిగుసుకున్నాను. “ఇక్కడ కోయాలి. తెరిచి, తెరిచినట్టే ఉంచాలి” అంది.

మా అత్త నా కాలిమీద అడ్డంగా పడింది.

“వద్దు తల్లీ! మూసి ఉండంగనే ఇట్లయితే, తెరిస్తే గాలి జాస్తిగా దూరదా? నీకు దండం పెడతా. ఊసి మందు ఎన్నైనా పొడిచెయ్యి, కాలు మాత్రం తెరవొద్దు!”

మా ఆయన ఆమె భుజం పట్టి లాగబోయాడు. డాక్టరమ్మ వద్దని చెయ్యి ఊపింది. బయట ఎంతమంది రోగులు ఎదురుచూస్తున్నారో, ఆమె మాత్రం మా అత్త పక్కన నేలమీద కూర్చుంది. ఆ కూర్చోవడమే నన్ను బతికించిందని నా నమ్మకం.

“అవ్వా, మీ ఇంట్లో జొన్న పాతర ఉందా?”

“ఉండాదమ్మా. యాల?”

“మూత తీయగానే మనిషిని లోపలికి దింపుతారా?”

“అయ్యో, ఎట్ల దింపేది? ముందు దీపం కట్టి దించి చూస్తాము. దీపం ఆరితే ఆ పొద్దు దిగము. లోపల గాలి ఉండదే! దిగినోడు దిగినట్లే పోతాడు.”

“మనిషి పోయే ఆ చోటే ఈ క్రిమికి ఇల్లు. మనకు గాలి లేకపోతే ప్రాణం లేదు. దీనికి గాలి ఉంటే బతుకు లేదు. గాలి తగిలే చోట విత్తులాగా నిద్రపోతుంది. మట్టిలో, గొర్రె పెంటలో ఏళ్ళకొద్దీ అలాగే ఉంటుంది, ఎండకు చావదు, కరువుకు చావదు. ముల్లుతోపాటు లోతుకు దిగి, పైన తలుపు మూసుకుంటే అప్పుడు లేస్తుంది. చచ్చిన కండ తింటుంది, ఊపిరి పీల్చకుండానే పిల్లల్ని పెడుతుంది. కాలు దాటి కదలదు. విషాన్ని మాత్రం నరాలవెంట పైకి పంపుతుంది.”

ఆ స్థితిలో కూడా నాకు అబ్బురం కలిగింది. కంటికి కనబడని పురుగు, పీల్చే గాలి లేకుండా కాపురం చేస్తూ, కదలకుండా అరికాల్లో కూర్చుని నా దవడకు తాళం వేసింది! ఊళ్ళో ఎవరివల్లా కాని పని అది. చంపడానికి వచ్చినదాన్ని పొగడకూడదు గానీ, దాని నేర్పు నేర్పే. దాన్ని కనిపెట్టి, దాని ఇంటి గుట్టు తెలుసుకున్నవాళ్ళ నేర్పు అంతకన్నా పెద్దది.

అత్త నా కాలిని వదిలింది. లేచి కూర్చుంది. “అట్లయితే ఆ పాతరకు మూత పెట్టింది నేనేనా తల్లీ?”

“ముల్లు దిగితే పైచర్మం దానంతట అదే మూసుకుంటుంది అవ్వా. మీరు తెలిసిన మేలు చేశారు. ఇప్పుడు మూత తీయనివ్వండి.”

“తియ్యి” అంది అత్త. “కాలు నేను పట్టుకుంటాను. గాలి బాగా పోనీ.”

కొంచెం క్లోరోఫారం ఇచ్చి కోశారు. ఆ తర్వాతది అత్త చెప్పగా విన్నదే. లోపల ముల్లు మొన విరిగి అలాగే ఉంది, దాని చుట్టూ కండ నల్లబడి, కుళ్ళిన మాంసం వాసన. నల్లబడిందంతా తీసేసి హైడ్రోజన్ పెరాక్సైడ్ అనే మందు పోశారు. గాయంలోంచి తెల్లటి నురగ బుసబుసా పొంగింది.

“ఏమిదమ్మా, పాలు పొంగినట్ల పొంగుతుండాది?” అని అడిగిందట అత్త.

“ఆ బుడగలన్నీ గాలే అవ్వా. పాతరలోకి పంపుతున్నాం.”

అత్త ఆ నురగవైపు కన్నార్పకుండా చూసి, “పోసెయ్యి, ఇంకా పోసెయ్యి” అందట. నర్సు నాకు ఈ మాట చెప్పి చెప్పి నవ్వేది.

డాక్టరమ్మ మా ఆయనతో ఏదీ దాచలేదు. “ఈ జబ్బులో చాలామందిని దక్కించుకోలేకపోయాం. ముల్లు దిగిన ఇన్ని రోజులకు గానీ దవడ బిగియలేదు, అదొక మంచి గుర్తు. కొత్త విషం ఇక పుట్టదు. నరాల్లో ఉన్నది దానంతట అదే దిగిపోవాలి. అంతవరకూ ఆమెను చప్పుడునుంచి కాపాడాలి. అది నా చేతిలో కంటే మీ చేతిలో ఎక్కువ ఉంది.”

చప్పుడు రాకుండా చూసే ఆ కాపలా మా అత్త తీసుకుంది. ఎవరు? కోళ్ళను లేపే వెంకటమ్మ! మావైపు ముసలివాళ్ళు చెవులకు బరువైన బంగారు తండట్టి పెట్టుకుంటారు. తల కదిలితే అవి టకటకమంటాయి. పెళ్ళినాటినుంచి చెవి దిగని తండట్టిని తీసి కొంగున కట్టేసుకుంది. భుజాలకు తగిలే ఖాళీ చెవి తమ్మెలతో ఆ చీకటి గదిలో పిల్లిలా తిరిగేది. తలుపు బందులకు ఆముదం పోసింది. చెంబు నేలమీద పెట్టేముందు కింద పత్తి పరిచేది. నాకు కింద ఒక పన్ను ఎప్పుడో ఊడిపోయింది. ఆ సందులోంచే గుడ్డవత్తితో పాలు, గంజి చుక్క చుక్కగా వదిలేది. పొలమారితే ప్రాణం పోతుందని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి, ఒక చుక్క దిగిందని నా గొంతు చూసుకుని గానీ మరో చుక్క వేసేది కాదు. గాయం రోజూ కడిగి తెరిచే ఉంచేవారు. ఈగ వాలకుండా పల్చటి గుడ్డ మాత్రం కప్పేవారు. ఆ గుడ్డ కాస్త మందంగా కనబడితే అత్త నర్సును నిలదీసేది, అదీ సైగలతోనే.

ఒకరోజు వీధిలో పెళ్ళి ఊరేగింపు వచ్చింది. డోలు మోత వీధి మలుపులో వినబడగానే నా వీపు పట్టుకుంది. అత్త బయటికి పరుగెత్తింది. మా ఆయన చూశాడట, ఊరేగింపుకు ఎదురుగా నడివీధిలో నిలబడి, నోరు విప్పకుండా, ముందు ఆస్పత్రి కిటికీ చూపించి, తర్వాత తన దవడ పట్టుకుని చూపించి, చేతులు జోడించిందట. డోలు వాయించే ఆయన దానిమీద అరచెయ్యి పెట్టాడు. పెళ్ళికొడుకు గుర్రం దిగాడు. శుభకార్యం, వాయిద్యం ఆపితే అపశకునమనేవాళ్ళు ఉంటారు. అయినా వీధి దాటేదాకా వాళ్ళంతా చెప్పులు చేత పట్టుకుని నడిచారు. ఆ పెళ్ళికూతురు ఎవరో, పెళ్ళికొడుకు ఎవరో ఇప్పటికీ తెలియదు. వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి.

బిగుతు తగ్గుతున్నది అనుకునే వేళకు ఒళ్ళంతా దద్దుర్లు లేచి, కీళ్ళు వాచి, జ్వరం కాసింది. అత్త మళ్ళీ బెదిరి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. డాక్టరమ్మ మాత్రం తేలిగ్గా, “సీరం సిక్‌నెస్. మన ఒళ్ళు గుర్రాన్ని గుర్తుపట్టి పోట్లాడుతోంది. తగ్గిపోతుంది” అంది. ఆమె అన్నట్టే తగ్గింది. స్పాజమ్‌లు దూరం దూరమయ్యాయి. ఇంజను కూత వినబడినా ఒళ్ళు ఉలిక్కిపడి ఊరుకునేది. మెడ తిరిగింది. ముఖంమీది ఆ దొంగ నవ్వు కరిగిపోయింది. దవడ మాత్రం అన్నిటికంటే ఆఖరున వదిలింది.

ఒక మధ్యాహ్నం అత్త ఎప్పటిలాగే గుడ్డవత్తితో గంజి పోస్తున్నది. పళ్ళు విడుతున్నట్టు అనిపించింది. నాలుక కదిపాను. గొంతు తుప్పు పట్టిన గిలకలా ఉంది.

“గంజిలో ఉప్పు లేదత్తా.”

అత్త చేతిలో గిన్నె జారి నేలమీద గణగణా దొర్లింది. ఇద్దరం ఊపిరి బిగపట్టి స్పాజమ్ కోసం చూశాం. రాలేదు. అప్పుడు అత్త తలుపు తోసుకుని వరండాలోకి వెళ్ళి, అన్నాళ్ళూ దాచుకున్న గొంతంతా పెట్టి, “ఒరే, నా కోడలు మాట్లాడింది! గంజిలో ఉప్పు లేదంట! వంక పెట్టిందిరా నాకు!” అని అరిచింది. ఆస్పత్రి మొత్తం బయటికొచ్చింది. డాక్టరమ్మ వచ్చి నా దవడ తడిమి, కళ్ళు తుడుచుకుంది. ఉప్పు కూడా ఆమే తెప్పించింది.

ఇది జరిగి ఏళ్ళయింది. అరికాల్లో గుంట మచ్చ ఉంది. వాన వచ్చేముందు వీపు కాస్త పడుతుంది. మా ఇండ్లలో తెలుగు మాట్లాడేవాళ్ళేగానీ రాసేవాళ్ళు తక్కువ. మా నాయన నేర్పిన అక్షరాలు నాకు ఉన్నాయి కాబట్టి నలుగురికీ తెలియాలని రాస్తున్నాను. ముల్లు దిగినవాళ్ళు ఇప్పటికీ కుంటుకుంటూ మా అత్త దగ్గరకే వస్తారు. ఆమె ముల్లు తీసి, కాచిన నీళ్ళూ సబ్బూ పెట్టి బెజ్జం లోపలిదాకా కడుగుతుంది, పట్టు వేయదు. ఎవరైనా అడిగితే, “మూయగూడదురా. పాతరలో దీపం ఆరిపోతాది. గాలి పోనీ. ఇట్లే బండెక్కి ఆస్పత్రికి పొయ్యి ఊసి వేయించుకో” అంటుంది. పోకపోతే ఇంటిమీదికి వెళ్ళి తిడుతుంది. ఈ జబ్బు ఒకసారి వచ్చిపోయినవాళ్ళకు మళ్ళీ రాదనేమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. కాబట్టి నేను కూడా ముల్లు దిగితే విరుదునగర్ రైలెక్కుతాను.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. లోతుగా దిగిన ముల్లు, మేకు పైకి మానినట్టు కనబడినా నమ్మకండి. మూయకండి, కడగండి, సీరం ఉన్న చోటికి అదే రోజు వెళ్ళండి. దవడ బిగిశాక వెళ్దామంటే, ఎక్కడ ముల్లు దిగిందో చెప్పడానికి నోరుండదు.

మా అత్తా నేనూ ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నాం, కోళ్ళు లేస్తూనే ఉన్నాయి. ఆమె నన్ను అనని మాట లేదు. “నోరు మూసుకోవే” అని మాత్రం ఆ రోజునుంచి ఒక్కసారి కూడా అనలేదు.